నాలుగు రోజులుగా ముద్ద ముట్టని గొల్లభామ

ప్రశ్న: పది రోజుల కిందట బాల్కనీలో పూలకుండీ మీద మా అబ్బాయికి ఒక ఆకుపచ్చ పురుగు కనిపించింది. ఇంటర్నెట్‌లో చూస్తే ప్రేయింగ్ మాంటిస్, అంటే గొల్లభామ అని తెలిసింది. వాడు దాన్ని గాజు సీసాలో పెట్టి, మూతి మీద పల్చటి గుడ్డ కట్టాడు. మొదట్లో ఈగలు వేస్తే గబగబా తినేది. ఇప్పుడు నాలుగు రోజులైంది, ఏమీ ముట్టడం లేదు. గుడ్డ పట్టుకుని తలకిందులుగా వేలాడుతూ కదలకుండా ఉంది. పొట్ట మాత్రం నిండుగానే ఉంది. వీపు మీద చిన్న రేకుల్లాంటివి ఉబ్బినట్టు కనిపిస్తున్నాయి. రాత్రి చూస్తే కళ్ళు రెండూ నల్లగా అయిపోయాయి. చచ్చిపోతుందేమోనని వాడు ఒకటే ఏడుపు. ఎక్కడ తెచ్చావో అక్కడే వదిలేయమని మా అత్తగారు అంటున్నారు. ఇది ఏ జాతి? ఆడదా, మగదా? విషం ఉంటుందా? దీనికి ఏం పెట్టాలి? అసలు ఉంచుకోవచ్చా?

జవాబు: ముందుగా మీరు చేయాల్సిన పని ఒకటుందండీ, మిగతాది ఆ తర్వాత తీరిగ్గా చదవచ్చు. సీసాలో బతికున్న ఈగలు ఏమైనా తిరుగుతుంటే వాటిని బయటికి పంపేయండి. సీసాను ఎవరూ కదపని చోట పెట్టండి. మీ అబ్బాయిని దాన్ని తట్టి లేపొద్దని చెప్పండి.

మీరు రాసిన లక్షణాలన్నీ కలిపి చూస్తే అది చావబోవడం లేదు, కుబుసం విడవబోతోంది. కదలకుండా వేలాడటం, తిండి మానేయడం, అయినా పొట్ట నిండుగా ఉండటం, అన్నీ అదే చెబుతున్నాయి. అన్నిటికంటే గట్టి ఆధారం ఆ ఉబ్బిన రేకులు. అవి రెక్కల మొగ్గలు. పిల్ల పురుగుకి అవి వీపుకి అంటుకుని పల్చగా ఉంటాయి. లోపల రెక్కలు తయారయ్యాక ఇలా ఉబ్బుతాయి. అంటే ఈసారి కుబుసం విడిచాక మీ సీసాలో ఉండేది రెక్కలున్న పెద్ద పురుగు. అదే దాని చివరి కుబుసం కూడా. పుట్టినప్పటి నుంచి ఇప్పటిదాకా ఇలా చాలాసార్లు విడిచే ఉంటుంది. జాతిని బట్టి మొత్తం ఆరు నుంచి తొమ్మిదిసార్ల దాకా ఉంటుంది, ఆడవాటికి తరచు ఒకటి ఎక్కువ.

నిజంగా జబ్బు చేసిన పురుగు ఇలా ఉండదు. పొట్ట ముడుచుకుపోయి పల్చబడితే అది ఆకలి లేదా దాహం. నోట్లోంచి నల్లటి ద్రవం కారుతూ దుర్వాసన వస్తుంటే మాత్రం జబ్బే, దానికి ఇంట్లో చేయగలిగింది పెద్దగా లేదు. మీరు ఇవేవీ రాయలేదు కాబట్టి టెన్షన్ పడక్కర్లేదు.

ఈగల్ని ఎందుకు తీసేయమన్నానంటే, కుబుసం విడిచే సమయంలో ఈ పురుగంత నిస్సహాయమైన జీవి ఇంకొకటి ఉండదు. ఒంటి మీద ఈగ వాలితే ఉలిక్కిపడి పట్టు తప్పుతుంది. లోపల కీచురాయి ఉంటే మెత్తటి ఒంటిని కొరికి తినేస్తుంది కూడా. రోజూ దేన్ని వేటాడుతుందో ఆ రోజు దానికే ఆహారమైపోతుంది.

ఇప్పుడు సీసా సంగతి చూడండి. ఒక స్కేలు తీసుకుని బయటి నుంచే కొలవండి. డబ్బా ఎత్తు పురుగు పొడవుకి కనీసం మూడింతలు, వెడల్పు రెండింతలు ఉండాలి. పాత చర్మంలోంచి అది కిందికి జారుతూ బయటికి వస్తుంది. కింద చోటు చాలకపోతే తల నేలకు తగిలి, కాళ్ళు, రెక్కలు వంకరగా గట్టిపడిపోతాయి. పిల్ల పురుగుకైతే వంకరపోయిన కాలు తర్వాతి కుబుసాల్లో కొంత సర్దుకుంటుంది, ఊడిన కాలు కూడా కొద్దికొద్దిగా మళ్ళీ వస్తుంది. మీ దానికి ఇది చివరి కుబుసం కాబట్టి ఆ వెసులుబాటు లేదు. సీసా పొట్టిదైతే పురుగుని ముట్టుకోకుండా, గుడ్డతో సహా నెమ్మదిగా ఎత్తి, ఇంకాస్త ఎత్తైన డబ్బా మూతి మీద పరిచి కట్టేయండి. చర్మం చిట్లడం ఈపాటికే మొదలైతే ఆ పని కూడా చేయొద్దు. ఉన్నచోటే ఉండనివ్వండి.

గుడ్డ కట్టాలని మీ అబ్బాయికి ఎలా తోచిందో గానీ, మంచి పనే చేశాడు. నున్నటి ప్లాస్టిక్ మూత పెట్టి ఉంటే కాలి గోళ్ళకు పట్టు దొరికేది కాదు. దోమతెర గుడ్డ అయితే ఇంకా మంచిది. గాలీ ఆడుతుంది, పట్టూ దొరుకుతుంది.

అదృష్టం బాగుంటే కుబుసం విడవడం మీ కళ్ళముందే జరగొచ్చు. మెడ వెనక, వీపు మీద చర్మం నిలువుగా చిట్లుతుంది. ముందు వీపు, తల బయటపడతాయి. ఆ తర్వాత మీసాలూ కాళ్ళూ ఒక్కొక్కటే ఒరలోంచి తీసినట్టు వస్తాయి. సన్నటి మీసం చివరిదాకా ఊడి రావడం చూస్తుంటే మనకే ఊపిరి ఆగినంత పనవుతుంది. కాళ్ళన్నీ వచ్చాక తోక కొస ఒక్కటే పాత చర్మంలో ఇరుక్కుని ఉండగా కాసేపు అలాగే వేలాడుతుంది. చచ్చిపోయిందని చాలామంది కంగారుపడేది ఇక్కడే. కాళ్ళు కొంచెం గట్టిపడే దాకా ఆగి, ఒక్కసారి పైకి వంగి గుడ్డని పట్టుకుని పూర్తిగా బయటికి వచ్చేస్తుంది. అప్పుడు రెక్కలు నలిగిన గుడ్డపేలికల్లా ఉంటాయి. వాటిలోకి ఒంట్లోని ద్రవాన్ని ఎక్కిస్తుంది, మన కళ్ళముందే అవి విప్పారి కిందికి దిగుతాయి. మొదట్లో ఒళ్ళంతా పాలిపోయి మెత్తగా ఉంటుంది. అసలు రంగు తేలడానికి, ఒళ్ళు గట్టిపడటానికి ఒక రోజైనా పడుతుంది. అప్పటిదాకా చేత్తో తాకకూడదు, తిండి కూడా పెట్టకూడదు. రెండో రోజు దాటాక ఒక ఈగని వదిలి చూడండి. వెంటనే తినకపోతే ఈగని తీసేసి మర్నాడు మళ్ళీ ప్రయత్నించండి.

మధ్యలో పట్టు తప్పి కింద పడితే ఏం చేయాలని అడుగుతారేమో. పాత చర్మం కొసని చిన్న టేపు ముక్కతో గుడ్డకి అంటించి మళ్ళీ తలకిందులుగా వేలాడదీసి చూడొచ్చు. కొన్నిసార్లు గట్టెక్కుతుంది, చాలాసార్లు గట్టెక్కదు. చేత్తో చర్మం ఊడలాగడం మాత్రం చేయొద్దు. చర్మంతో పాటు కాలు కూడా ఊడి వస్తుంది.

కళ్ళు నల్లబడటం రోగం కాదు. చీకటి పడ్డాక కంటిలోని రంగుకణాలు చోటు మారతాయి, ఉన్న కాస్త వెలుతురూ ఎక్కువగా లోపలికి అందడానికి. తెల్లారి వెలుగులో చూడండి, మళ్ళీ ఆకుపచ్చగానే ఉంటాయి. పగటిపూట కంట్లో ఒక నల్లచుక్క కనిపించి, మనం ఎటు జరిగితే అటే జరుగుతున్నట్టు ఉంటుంది. మనల్నే గుర్రుగా చూస్తోందని పిల్లలు సంబరపడతారు. నిజానికి అది కనుపాప కాదు. సంయుక్త నేత్రంలో మనకు సరిగ్గా ఎదురుగా ఉన్న గొట్టాలు వెలుగుని తిప్పి పంపకుండా మింగేస్తాయి, అందుకే అక్కడ నల్లగా కనిపిస్తుంది. అనుమానించాల్సింది ఇంకోటి ఉంది. పగలూ రాత్రీ ఒకేచోట కదలకుండా ఉండే గోధుమరంగు లేదా నల్లటి మచ్చ. బయటికి పోదామని గాజుకి కన్ను రాసీ రాసీ అలా కమిలిపోతుంది. అలాంటిది కనిపిస్తే పక్కలన్నీ వలగుడ్డ ఉన్న డబ్బాలోకి మార్చాలి, లేదంటే వదిలేయాలి.

జాతి పేరు అడిగారు. ప్రపంచంలో సుమారు 2,400 రకాల గొల్లభామలు ఉన్నాయి. రెక్కలు రాని పిల్లని చూసి ఇది ఫలానా జాతి అని ఖాయంగా చెప్పడం, అదీ ఉత్తరంలోని వర్ణన చదివి, కుదిరే పని కాదు. రంగుని అసలు నమ్మకండి. ఒకే జాతిలో ఆకుపచ్చవీ గోధుమరంగువీ ఉంటాయి, ఒకే పురుగు కుబుసం విడిచి రంగు మారడమూ ఉంది. పెద్దదయ్యాక చూడాల్సిన గుర్తులు వేరు. ముందు రెక్కల అంచు దగ్గర చెరో తెల్లటి చుక్క, ముందు కాళ్ళ మొదట్లో లోపలివైపు లేతరంగు బొడిపెలు ఉంటే హీరోడ్యులా రకం కావచ్చు. అదే చోట బొడిపెలకు బదులు నల్లమచ్చ, తరచు దాని నడుమ తెల్లచుక్క ఉంటే మాంటిస్ రెలిజియోసా. సన్నగా పొడుగ్గా గోధుమరంగులో ఉండి, రెక్క అంచున ఆకుపచ్చ చార ఉంటే టెనొడెరా వైపు ఆలోచించాలి. ముందు రెక్కల మీద కన్నులాంటి బొమ్మ ఉన్న పొట్టి పురుగైతే క్రియోబ్రోటర్, అది పూల మీద కాపు కాసే రకం.

అయితే ఇది గొల్లభామేనా అన్న అనుమానం మీకు అక్కర్లేదు. మూడు మూలల తల, దాన్ని అటూ ఇటూ తిప్పి భుజం మీంచి వెనక్కి చూడగలగడం, ముళ్ళున్న ముందు కాళ్ళు మడిచి పెట్టుకోవడం, ఈ మూడూ కలిసి ఉంటే అదే. మాంటిస్ ఫ్లై అని ఇంకో పురుగుంది, దానికీ ఇలాంటి ముందు కాళ్ళే ఉంటాయి. కానీ దాని రెక్కలు పారదర్శకంగా, సన్నటి ఈనెల వలతో ఉంటాయి. అది వేరే కుటుంబం. అన్నట్టు, గొల్లభామకి దగ్గరి చుట్టాలు మిడతలు కావు, బొద్దింకలూ చెదపురుగులూ. ఈ మాట ఇంట్లో అందరి ముందూ చెప్పాలా వద్దా అనేది మీ ఇష్టం.

నా మాట అడిగితే, పేరుకంటే అది ఏ దశలో ఉందో తెలియడం మీకు ఇప్పుడు ముఖ్యం. పేరు తెలియకపోయినా పోషణ తప్పు కాదు. దశ తెలియకపోతే మాత్రం కుబుసం విడవబోయే పురుగుకి బలవంతంగా ఈగలు వేసి చంపుకుంటాం.

ఆడదా మగదా అన్నది సులువే. గాజు సీసా కాబట్టి మీకు ఇంకా సులువు. పొట్ట అడుగువైపు అడ్డగీతలతో విడివడిన పట్టీలు లెక్కపెట్టండి. ఆరు కనిపించి, చివరిది పెద్దగా ఉంటే ఆడది. ఎనిమిది ఉండి, చివరివి చిన్నచిన్నగా ఉంటే మగది. మరీ చిన్న పిల్ల పురుగుల్లో లెక్క తప్పే అవకాశముంది, ఈ వయసులో స్పష్టంగానే కనిపిస్తుంది. పెద్దవయ్యాక మగది సన్నగా, మీసాలు పొడుగ్గా, రెక్కలు పొట్ట దాటి ఉంటుంది. రాత్రిళ్ళు లైటు దగ్గరికి ఎగిరి వచ్చేవి ఎక్కువగా మగవే. ఆడది బరువుగా ఉంటుంది, చాలా జాతుల్లో సరిగ్గా ఎగరలేదు.

విషం లేదు. మన చర్మంలోకి కోరలు దించే పురుగు కూడా కాదు. బెదిరిస్తే ముందు కాళ్ళు చాచి, రెక్కలు విప్పి, నిటారుగా లేచి నిలబడుతుంది. అది పెద్దగా కనిపించాలని చేసే హడావిడి. మరీ విసిగిస్తే ముందు కాళ్ళతో వేలు పట్టేస్తుంది, ముళ్ళు గుచ్చుకుని చురుక్కుమంటుంది. అప్పుడు విదిలించకూడదు. చేతిని ఏ మొక్క దగ్గరో కదలకుండా పెడితే అదే వదిలేస్తుంది. చేతిమీదకి తీసుకోవాలంటే పైనుంచి పట్టుకోవద్దు. ముందు అరచెయ్యి పెట్టి, వెనక కాళ్ళ దగ్గర వేలితో కొద్దిగా తాకితే అదే నడిచి ఎక్కుతుంది. నేలకి దగ్గరగా కూర్చుని చేయమనండి. నిండు పొట్టతో ఎత్తు నుంచి పడితే పొట్ట పగిలిపోయే ప్రమాదం ఉంది.

ఇక తిండి. బతికి కదిలేదే దానికి ఆహారం. ఈగలు, దీపం చుట్టూ తిరిగే రెక్కల పురుగులు, చిన్న కీచురాళ్ళు, లేత బొద్దింకలు సరిపోతాయి. వేసే పురుగు దాని పొట్టకంటే పెద్దది కాకూడదు. చీమలు వద్దు, కందిరీగలు వద్దు. రెండు రోజులకొకసారి వేస్తే చాలు, ఆడది పెద్దదయ్యాక కొంచెం ఎక్కువ తింటుంది. పొట్ట చూసి వేయండి, క్యాలెండర్ చూసి కాదు. పురుగుల మందు కొట్టిన చోటి ఈగలు అస్సలు పనికిరావు. చాలామందికి తట్టని సంగతి ఇంకొకటుంది. దోమల మందు మిషన్ పెట్టే గదిలో, దోమల స్ప్రే కొట్టే గదిలో దీన్ని ఉంచకూడదు. దోమని చంపే మందుకి గొల్లభామ వేరు, దోమ వేరు అనే తేడా ఉండదు.

నీళ్ళు గిన్నెలో పెట్టక్కర్లేదు. రోజుకొకసారి స్ప్రే సీసాతో గోడ మీద సన్నగా చల్లితే బొట్లు తాగుతుంది. పురుగు ముఖం మీదకి కొట్టొద్దు. మిగిలిన తడి గంటా రెండు గంటల్లో ఆరిపోవాలి, లేకపోతే బూజు పడుతుంది. అడుగున ఒక టిష్యూ కాగితం, నిలువుగా ఒకటో రెండో పుల్లలు చాలు. 24 నుంచి 30 డిగ్రీల వేడి సరిపోతుంది. గాజు సీసాని నేరుగా ఎండలో పెడితే లోపల పురుగు ఉడికిపోతుంది. తోడుగా ఉంటుందని ఇంకోదాన్ని తెచ్చి పెట్టకండి. మర్నాటికి ఒక్కటే మిగులుతుంది.

ఈగ మీదకి దూకే ముందు అది ఒళ్ళు అటూ ఇటూ ఊపడం మీ అబ్బాయి గమనించే ఉంటాడు. దూరాన్ని అంచనా వేసుకోవడానికి అది కూడా ఒక పద్ధతి. వాడికి ఇంకో విషయం చెప్పండి. బ్రిటన్‌లో న్యూకాజిల్ విశ్వవిద్యాలయం వాళ్ళు గొల్లభామలకి తేనెమైనంతో చిట్టి చిట్టి రంగు కళ్ళద్దాలు అంటించి, తెర మీద పురుగు బొమ్మలు చూపించారు. బొమ్మ తెర మీంచి ముందుకి, దగ్గరగా వచ్చినట్టు కనిపించేలా చేస్తే అవి కాళ్ళు విసిరాయి. రెండు కళ్ళ చూపునీ కలిపి ఇవి దూరం కొలుస్తాయని ఆ ప్రయోగం చూపింది. 2016లో ఆ ఫలితాలు వచ్చాయి. దీనికి చెవి మాత్రం ఒక్కటే, అదీ రొమ్ము అడుగున నడుమ ఉంటుంది. గబ్బిలాలు వేటలో చేసే, మనకి వినపడని కూతని చాలా జాతులు దాంతోనే విని తప్పించుకుంటాయి.

ఉంచుకోవచ్చా అన్న దానికి నా జవాబు: కుబుసం విడిచేదాకా ఉంచండి, ఒళ్ళు గట్టిపడి రెండుసార్లు తిన్నాక వదిలేయండి. మీ అత్తగారి మాట సరైనదే, కాకపోతే ఈ నాలుగైదు రోజులు ఆగమనండి. ఇప్పుడు తీసుకెళ్ళి కుండీ మీద పెడితే కదల్లేని స్థితిలో పిట్టకో బల్లికో దొరికిపోతుంది. వీటి ఆయుష్షు మొత్తం కలిపి చాలా జాతుల్లో ఏడాది లోపే. రెక్కలు వచ్చాక మిగిలేది కొన్ని నెలలు. ఆ కొద్ది కాలం జతని వెతుక్కోవడానికి, గుడ్లు పెట్టడానికి. అది సీసాలో గడిచిపోవడం నాకైతే నచ్చదు. వాడు మరీ పట్టుబట్టి, అది ఆడదైతే, ఉంచుకోవడం తప్పని అనను. జత కట్టకపోయినా నురగలాంటి ముద్ద పుల్లకి అంటించి గుడ్లు పెడుతుంది, అది ఆరి గట్టిపడుతుంది. సాధారణంగా అలాంటి గుడ్లు పొదగవు. ఎప్పుడైనా బయట పుల్ల మీద అలాంటి ముద్ద దొరికితే ఇంట్లోకి తేవద్దు. అందులోంచి ఒకేసారి పదుల్లో, ఒక్కోసారి వంద దాటి పిల్లలు వస్తాయి, దోమకన్నా కాస్త పెద్దవి. గుడ్డ కన్నాల్లోంచి దూరి ఇల్లంతా పాకుతాయి.

పొట్టలోంచి నల్లటి సన్న తీగలాంటిది బయటికి వస్తే హడలిపోకండి. అడవిలోనూ తోటల్లోనూ పట్టిన గొల్లభామల్లో అప్పుడప్పుడు కనిపించే పరాన్నజీవి పురుగు అది, వెంట్రుక పురుగు అంటారు. మనుషులకి అది అంటదు. గొల్లభామ మాత్రం ఆ తర్వాత తరచు బతకదు.

వదిలేటప్పుడు దొరికిన కుండీ మీదే, సాయంత్రం పూట, వాన లేనప్పుడు వదలండి. ఆ మొక్కలకి పురుగుల మందు కొట్టే అలవాటుంటే మానండి, లేదా దగ్గర్లో మందు కొట్టని పొద చూసుకోండి. ఊడిన కుబుసాన్ని వాడి దగ్గరే ఉంచనివ్వండి. ముళ్ళతో సహా, కంటిపొరతో సహా అంతా అందులో ఉంటుంది, జాగ్రత్తగా పెడితే ఏళ్ళ తరబడి చెడదు. వదిలే ముందు మూడు ఫోటోలు తీయండి: పైనుంచి రెక్కలు, ఎదుటి నుంచి ముఖం, ముందు కాళ్ళ లోపలివైపు. ఆ మూడూ పంపితే జాతి పేరు సంగతి అప్పుడు చూద్దాం.